వీపు మీద ముద్రలు

పోయినవారం చెవులక్కని టీ గిన్నె ముందు, నోరు తెరిచింది తెరిచినట్టే వదిలేసి వచ్చాం. సినిమాహాల్లో క్యాంటీన్ నడిపే ఆవిడకి ఆ పేరు ఊరికే రాలేదు. ఇరవై రెండేళ్ళుగా అక్కడ ఆడిన ప్రతి బొమ్మ మీదా జనం ఏమనుకుంటున్నారో విని, ఏరి, చెరిగి, మేనేజరు చెవిన వెయ్యడం ఆవిడ రెండో ఉద్యోగం. మేనేజరు ఆ మాటని ఫోన్లో కంపెనీకి చేరేస్తాడు. ఇప్పుడు ఆడుతున్న 'దిండు కింద దేవకన్య' అనే కామెడీ నాలుగు రోజులుగా ఈసురోమంటూ నడుస్తోంది. ఆ నాలుగు రోజులూ మ్యాట్నీకి ఒంటరిగా వచ్చి, చివరి వరసలో కూర్చుని, గ్లాసుడు టీ అయినా తాగకుండా వెళ్ళిపోతున్న ఒక అమ్మాయి, ఐదోరోజు ఆటకి గంట ముందే వచ్చి క్యాంటీన్ బల్ల మీద చెయ్యి ఆనించి, "ఈ బొమ్మలో పెళ్ళాన్ని నేనేనండీ" అంది. సరిగ్గా ఆ మాట దగ్గర ఆగాం.

చెవులక్క ఆ అమ్మాయిని ఎగాదిగా చూసింది. తెర మీద పెళ్ళాం వేషం కట్టినావిడ కాదు. ఆవిడకి బుగ్గన సొట్ట ఉంది, ఈ అమ్మాయికి బొటనవేలికి సిరా ఉంది. మతి చెడిన మనిషిలాగానూ లేదు. స్టూలు లాగి కూర్చోబెట్టి, అడక్కుండానే టీ పోసి చేతికిచ్చింది. చేతిలో వేడి గ్లాసుంటే కడుపులో మాట దానంతటదే పైకొస్తుందని ఆవిడ అనుభవం.

వచ్చింది. ఆ అమ్మాయి పోస్టాఫీసులో పనిచేస్తుంది. పొద్దస్తమానం ఉత్తరాల మీద తేదీ ముద్ర కొట్టడమే పని. బొమ్మ రాసి తీసిన దర్శకుడు ఆమె భర్తే. పెళ్ళై నాలుగేళ్ళు, అతనికిదే మొదటి బొమ్మ. అందులో హీరో పెళ్ళాం కూడా పోస్టాఫీసులోనే పనిచేస్తుంది. నిద్రలో కూడా ఆ పిల్ల చెయ్యి ఊరుకోదు, పక్కన పడుకున్న మొగుడి వీపు మీద దబదబా ముద్రలు కొడుతూనే ఉంటుంది. అతను కదలడు. కదిలితే పాపం ఏ ఉత్తరమో ముద్ర పడకుండా పోతుందని ఊపిరి బిగబట్టుకుని పడుంటాడు. తెల్లారేసరికి నిద్రలేక చిరాకు. ఎందుకు చిరాకో అతను చెప్పడు, ఆమెకి తెలీదు, కాఫీ గ్లాసు దగ్గర మొదలైన గొడవ గుమ్మం దాటేదాకా సాగుతుంది. ఇదంతా దాదాపు సగం బొమ్మ. ఆ తరవాత, ఒక్క రాత్రయినా సుఖంగా పడుకుందామని పాతసామాన్ల కొట్లో అతనో దిండు కొనుక్కొస్తాడు. ఇంటర్వెల్‌కి కాస్త ముందు అందులోంచి దేవకన్య దిగి, అతనేమన్నా "అవును" అంటుంది. బొమ్మకి కాలు విరిగింది అక్కడే.

"మొదటిరోజు చూసి ఒళ్ళు మండిపోయిందండీ," అంది ఆ అమ్మాయి. "మా గదిని తీసుకెళ్ళి ఊరందరికీ చూపించేశారని. ఆరోజే మాటలాపేశాను. రెండోరోజు ఇంకా బాగా తిట్టుకుందామనే వచ్చి కూర్చున్నా. నా ముందు వరసలో ఒక పెద్దాయన ఆ ముద్రల దగ్గర నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాడు. అప్పుడు తట్టింది నాకు. నిద్రలో నేనట్లా చేస్తానని నాకే తెలీదండీ. నాలుగేళ్ళు వీపు అప్పగించి పడుకున్నారు. ఒక్కరోజు, ఒక్కమాట అన్లేదు."

ఇక మాటలు కలుపుదామనుకునేలోపే అతను కంపెనీవాళ్ళ గదికి మకాం మార్చేశాడట. బొమ్మ పోతోందన్న సిగ్గు మనిషిని ఇంట్లో నిలవనివ్వలేదు. నిన్న సాయంత్రం చొక్కాల కోసం వచ్చి, గుమ్మంలోనే నిలబడి చెప్పాడట: హాలు నుంచి టాక్ వచ్చింది, దేవకన్య జనానికి నచ్చిందట, మొగుడూ పెళ్ళాల గొడవే సాగదీతగా ఉందట, ఆ ముద్రలూ గొడవా ఉన్న పదకొండు నిమిషాలూ కోసెయ్యమని కంపెనీ హుకుం, రేపు మ్యాట్నీ నుంచి అవి ఉండవు. మన ఇల్లు జనానికి విసుగు పుట్టించింది, తప్పు నాదేలే, అని చొక్కాలు సంచిలో కుక్కుకుని మెట్లు దిగిపోయాడట.

"ఆయన నన్ను అంత ఇదిగా చూశారని నాకు తెలిసింది ఆ పదకొండు నిమిషాల్లోనేనండీ. అది కాస్తా కోసేస్తే ఆయన కూడా అది అబద్ధమే అనుకుంటారు. మీరు అందరి మాటా వింటారటగా. ఒక్కటి చెప్పండి. జనం నిజంగా విసుక్కున్నారా?"

చెవులక్క చేతిలో గరిటె గిన్నెలోకి జారిపోయింది. ఎందుకంటే ఆ టాక్ జనానిది కాదు. ఆవిడదే.

ఇక్కడ ఆవిడ పద్ధతి ఒకటి చెప్పాలి. జనం బొమ్మ గురించి నోటితో చెప్పేది సగమే, మిగతా సగం టీ చెబుతుందని ఆవిడ లెక్క. బొమ్మ బాగుంటే ఇంటర్వెల్ బెల్లు కొట్టగానే సగం తాగిన గ్లాసులు బల్ల మీద పడేసి పరిగెడతారు. బాగోకపోతే రెండో టీ అడుగుతారు, బెల్లు తమని కాదన్నట్టు నిలబడతారు. దేవకన్య వచ్చిన మొదటిరోజు ఆవిడ జన్మలో అమ్మనన్ని రెండో టీలు అమ్మింది.

కానీ మొదటి మూడురోజులూ ఆవిడ నిజం చెప్పదు. చాలా ఏళ్ళ కిందట ఒక కొత్త కుర్రాడి బొమ్మ మీద మొదటిరోజే ఉన్నదున్నట్టు చెప్పేసింది. మర్నాటికి బొమ్మ ఎత్తేశారు. ఆ మర్నాడే కొడుకు బొమ్మ చూద్దామని తల్లి బస్సు దిగి వచ్చి, తాళం వేసిన గేటు ముందు మూట పెట్టుకుని కూర్చుంది. అది చూసి చెవులక్క ఒట్టు పెట్టుకుంది: బొమ్మకి కూడా బాలింతలా మూడురోజులు పథ్యం పెట్టాలని. నాలుగోరోజు నుంచి కారం. అప్పటినుంచి మొదటి మూడురోజుల మాటకీ నెయ్యి రాసే మేనేజరుకి అందిస్తుంది. ఒట్టి పొగడ్త ఎవరూ నమ్మరు గనక, పసిబిడ్డ బుగ్గన దిష్టిచుక్క పెట్టినట్టు ఒక చిన్న వంక కూడా కలుపుతుంది. ఈసారి దేవకన్య పాటకి ఈలలేస్తున్నారంది. నిజానికి ఆ ఈల నేల టికెట్టులో ఒకడు గురకపెడుతున్న స్నేహితుణ్ణి లేపడానికి వేసింది. దిష్టిచుక్కకి ఏం పెడదామా అని ఆలోచించి, నోటికొచ్చింది అనేసింది: ఇంట్లో గొడవలే కాస్త సాగాయంటున్నారని.

నాలుగోరోజు కారం చేర్చేలోపే కంపెనీ ఆ చుక్కనే పట్టుకుంది.

చెవులక్క గరిటె తీసి ఆ అమ్మాయి చేతికిచ్చింది. ఇక్కడే కూర్చో తల్లీ, గిన్నె పొంగకుండా చూస్తుండు, అని చెప్పి కొంగు బిగించి ప్రొజెక్టరు కేబిన్ మెట్లెక్కింది. ఇరవై ఆరు మెట్లు. మామూలుగా పదమూడో మెట్టు మీద మోకాళ్ళని తిట్టుకుని ఎక్కే మనిషి ఆరోజు ఆగలేదు.

కేబిన్‌లో ఆపరేటర్ ఆ పదకొండు నిమిషాలూ ఉన్న అయిదో రీలుని బల్ల మీద పరిచి, తెల్ల పెన్సిలుతో గుర్తులు పెట్టి, అటూ ఇటూ వెతుక్కుంటున్నాడు. ఆపరేటర్ అంటే ఆవిడ మొగుడే. ఆయన బొమ్మ ఆడిస్తాడు, ఆవిడ టీ కాస్తుంది, రోజూ మధ్యాహ్నం ఒకే క్యారేజీలోంచి ఇద్దరూ తింటారు. పెద్ద ముచ్చట్లూ ఉండవు, పెద్ద తగాదాలూ ఉండవు.

"కోసేశావా?"

"కత్తెరేది? నిన్న పల్లీల కాగితాలు కత్తిరించుకుంటానని పట్టుకెళ్ళింది ఎవరో మరి."

"అయితే అది కిందే ఉంటుంది," అని చెవులక్క రీలు పక్కన కూలబడి, ఉన్నదంతా చెప్పింది. నెయ్యి సంగతి, దిష్టిచుక్క సంగతి, కింద టీ గిన్నె కాస్తున్న అమ్మాయి సంగతి. ఇన్నేళ్ళుగా తను పదిమందికీ మేలు చేస్తున్నాననే అనుకుంది.

ఆపరేటర్ ఆశ్చర్యపోలేదు. నెయ్యి సంగతి ఆయనకి ఎప్పుడో తెలుసట. మొదటిరోజు అద్భుతంగా ఉందన్న బొమ్మకి నాలుగోరోజు కుర్చీలు ఖాళీగా ఉండటం ఈ ప్రొజెక్టరు కంతలోంచి చూస్తూనే ఉన్నానన్నాడు. మరి ఇన్నేళ్ళూ ఎందుకు అన్లేదని అడిగితే, "నువ్వంత సంతోషంగా చెబుతుంటే ఆపబుద్ధి కాలేదు" అన్నాడు. ఆవిడకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. కానీ రీలు కొయ్యకుండా ఉండటం తన చేతిలో లేదని తేల్చేశాడు. కంపెనీ నుంచి చీటీ వచ్చింది, చీటీ మీద రీలు నంబరు ఉంది, మ్యాట్నీ టైముకి కొయ్యకపోతే తన ఉద్యోగానికే కోత.

సరిగ్గా అప్పుడు మెట్లమీద బూట్ల చప్పుడైంది. కోత సరిగ్గా పడిందో లేదో చూసుకోమని కంపెనీ దర్శకుణ్ణే పంపించింది. గడ్డం మాసిన సన్నటి మనిషి. గుమ్మంలోనే ఆగి బల్లమీద పరిచిన రీలుని చూశాడు. ఆపరేషను బల్ల మీద సొంతమనిషిని చూసినట్టుంది ఆ చూపు.

చెవులక్క లేచి నిలబడింది. నీళ్ళు నమిలే మనిషి కాదు. ఒక్కసారే చెప్పేసింది.

"తమ్ముడూ, ఆ టాక్ నేను పుట్టించింది. దేవకన్య ఎవరికీ నచ్చలేదు. నీ ఇంటి గొడవ ఒక్కటే నచ్చింది."

దర్శకుడు బల్ల దగ్గరికొచ్చి, వేలాడుతున్న రీలు కొసని పైకి సర్దాడు. కోప్పడలేదు. అదే ఆవిడకి కష్టమనిపించింది.

"మొన్న అబద్ధం చెప్పానంటున్నారు," అన్నాడు. "నా మొహం చూసి జాలిపడి ఇప్పుడూ అబద్ధమే చెప్పడంలేదని ఎట్లా నమ్మనక్కా?"

ఇన్నేళ్ళ పేరు ఆ ఒక్క ప్రశ్నతో గాలికి పోయిన పొల్లులా ఎగిరిపోయింది. గోడ గడియారంలో మ్యాట్నీకి పావుగంట ఉంది. ఆవిడ మొగుడివైపు తిరిగి, ఈ ఒక్క ఆట కొయ్యకుండా వెయ్యమంది. దర్శకుడివైపు తిరిగి, నన్ను నమ్మొద్దు, నీ చెవుల్ని నమ్ము, ఇంటర్వెల్లో నాతో టీ పొయ్యి, అంది. ఆపరేటర్ చీటీని ఒకసారి చూశాడు, పెళ్ళాన్ని ఒకసారి చూశాడు. చీటీని మడిచి జేబులో పెట్టుకుని అయిదో రీలు చుట్టడం మొదలుపెట్టాడు.

ఆట మొదలయ్యేముందే చెవులక్క పోస్టాఫీసు అమ్మాయిని, బొమ్మ అయ్యేదాకా కదలొద్దని చెప్పి, చివరి వరసకి పంపేసింది. మొగుడొచ్చాడని మాత్రం చెప్పలేదు. ఒకరు వచ్చారని ఇంకొకరికి చెబితే ఇద్దరిలో ఒకరు పారిపోతారని ఆవిడ భయం.

ఇంటర్వెల్లో దర్శకుడు నెత్తికి తువ్వాలు చుట్టుకుని గరిటె పట్టుకున్నాడు. టీ సగం గ్లాసులోకీ సగం బల్లమీదకీ పోస్తున్నాడు. వచ్చినవాళ్ళలో మంగలాయన ఒకడు మూడోసారి చూస్తున్నాడట. మొదటి సగమే చూసి పోతాడట. రెండో సగం ఎందుకు చూడవని చెవులక్క కదిపితే, అది వాడెవడి కలో, నా కల అయితే ఇంట్లో పడుకుంటే ఊరికే వస్తుంది కదా, వాడి కలకి నేను టికెట్టు కొనడమేంటి, అన్నాడు. కొత్తగా పెళ్ళైన జంట ఒకటి దేవకన్య మీద వాదించుకుంటోంది. పిల్ల చాలా అందంగా ఉందని అతను, అన్నిటికీ అవునంటే అది మనిషా గంగిరెద్దా అని ఆమె. ఒక వడ్రంగి మాత్రం దర్శకుడి ముఖంలోకే చూసి, ఈ బొమ్మ తీసినవాడికి పెళ్ళాన్ని చూడటం వచ్చు, కలగనడం రాదు, అని తేల్చిపారేసి రెండో టీ అడిగాడు.

ఒక ముసలమ్మ గ్లాసు పట్టుకుని బల్లకి ఆనుకుని నిలబడింది. పక్కనే ఆవిడ ముసలాయన. "ఆ వీపు చూపిస్తున్నంతసేపూ నేను తెర చూళ్ళేదు బాబూ," అంది ఎవరితోనో చెబుతున్నట్టు. "ఈయన్నే చూశా. యాభయ్యేళ్ళుగా ఈయన నా దగ్గర ఏమేం భరిస్తున్నాడో ఇంటికెళ్ళి అడగాలి."

"చెప్తే తెల్లారుతుంది," అన్నాడు ముసలాయన.

దర్శకుడు గరిటె పక్కన పెట్టి వెనక్కి తిరిగి నిలబడ్డాడు. తువ్వాలుతో ముఖం తుడుచుకుంటున్నాడో, నవ్వుతున్నాడో చెవులక్క తేల్చుకోలేకపోయింది. రెండో బెల్లు కొట్టినా జనం కదల్లేదు. ఆ సంగతి అతను కూడా చూశాడు.

ఆట అయిపోయాక చెవులక్క రెండు గ్లాసుల టీ పళ్ళెంలో పెట్టుకుని, చివరి వరస అమ్మాయిని పైన చిన్న సాయముందని వెంటబెట్టుకుని మెట్లెక్కింది. కేబిన్‌లో దర్శకుడు దేవకన్య పాట ఉన్న పదకొండో రీలుని వెలుతురుకి పట్టుకుని చూస్తున్నాడు. తలెత్తి భార్యని చూశాడు. ఆమె అతని తువ్వాలు మీద టీ మరకల్ని చూసింది. ఐదురోజుల మౌనం ఎవరు ముందు విరగ్గొడతారా అని చెవులక్క పళ్ళెం పట్టుకుని గోడకి అతుక్కుపోయింది. ఆపరేటర్‌కి ఆ క్షణంలోనే ఏ డబ్బాలోనో అత్యవసరమైన పని తగిలింది.

"నొప్పి పుట్టేదా?" అంది ఆ అమ్మాయి.

దర్శకుడు రీలు బల్లమీద పెట్టాడు.

"ఆదివారాలు ఉండేది కాదు. సోమవారం మాత్రం ఎక్కువ. రెండ్రోజుల ఉత్తరాలు కదా."

ఆ అమ్మాయి పెదవి బిగబట్టుకుంది, ఆగలేదు, నవ్వేసింది. నవ్వుతూనే చెప్పచ్చు కదా, లేపచ్చు కదా అంటే, లేపితే ఆపేస్తావేమోనని, అన్నాడు అతను. ఆ మాట అన్నాక తనే సిగ్గుపడి రీలు వైపు తిరిగిపోయాడు. చెవులక్క కళ్ళొత్తుకుని, ఈ మాట బొమ్మలో పెట్టుంటే వందరోజులు ఆడేది కదరా తండ్రీ అని మనసులో అనుకుంది.

ఆ తరవాత పని చకచకా జరిగిపోయింది. పదకొండు నిమిషాలు తగ్గాలన్నది కంపెనీ పట్టుదల. తగ్గిద్దాం, కానీ అయిదో రీలులో కాదు, అన్నాడు దర్శకుడు. దేవకన్య మంచుకొండ మీద పాడే పాట మొత్తం, ఆ తరవాత మేఘాల్లో ఉయ్యాల సగం. గుర్తులు అతనే పెట్టాడు. చెవులక్క కత్తెర తెచ్చిచ్చింది. ఆ పాటే తనకి రోజూ కునుకు తీసే టైమని, అది కోస్తే తన ఆరోగ్యం ఏం కావాలని ఆపరేటర్ గొణిగాడు గానీ, కొసలు గీకి, జిగురు రాసి, అతికించడంలో మాత్రం క్షణం ఆలస్యం చెయ్యలేదు. పోస్టాఫీసు అమ్మాయి ఆ అతుకు మీద బొటనవేలు గట్టిగా నొక్కిపట్టింది. నొక్కడంలో ఆమెని మించినవాళ్ళు లేరు.

జిగురు ఆరుతుండగా కేబిన్ గోడకున్న ఫోను మోగింది. కింద మేనేజరు గదిలో ఫోనుకి అది తోక, అక్కడ మోగితే ఇక్కడా మోగుతుంది. మేనేజరు సెలవులో ఉన్నాడు. ఆ వేళకి ఫోను చేసేది ఒక్కడే. కంపెనీ పెద్దమనిషి.

దర్శకుడు చెయ్యి చాపాడు. అతనికంటే ముందు చెవులక్క అందుకుంది. మొదలుపెట్టింది తను, ముగించాల్సిందీ తనే.

"చీటీ అందిందా? కోశారా?" అంది అవతలి గొంతు.

"కోశామండీ," అంది చెవులక్క. "కానీ మీరు రాసింది కాదు. పెళ్ళాన్ని ఉంచాం. దేవకన్యని కోశాం."

మళ్ళీ డబ్బాలో తలపెట్టిన ఆపరేటర్ తల తీశాడు.

"ఎవరు కొయ్యమన్నారు?"

"నేనేనండీ. మూడురోజులుగా మీకు చేరిన టాక్ కూడా నేనే వండింది. జనం అట్లా అన్లేదు. వాళ్ళు అన్నది ఇప్పుడు చెబుతాను, రాసుకుంటే రాసుకోండి."

"అక్కర్లేదు," అంది గొంతు. చాలా నెమ్మదిగా ఉంది. "ఫస్ట్ షోకి నేనే వస్తున్నాను. జనం మధ్యలో కూర్చుంటాను. వాళ్ళు నవ్వకపోతే, ఆట అయిపోగానే కేబిన్ తాళాలు నా చేతికివ్వమని మీ ఆయనకి చెప్పండి."

ఫోను పెట్టేసిన చప్పుడు నలుగురికీ వినిపించింది. చెవులక్క మొగుడి ముఖం చూసింది. నోటిదాకా వచ్చిన మెత్తటి మాటలన్నీ మింగేసి, విన్నది విన్నట్టు చెప్పింది. నవ్వకపోతే తాళాలు.

ఆపరేటర్ జిగురు ఆరిందో లేదో వేలితో తాకి చూశాడు. పదకొండో రీలుని దాని డబ్బాలో పెట్టి వరసలో సర్ది, మొదటి రీలు మిషను మీదకెక్కించాడు. కింద గేటు తీశారు. సాయంత్రపు జనం ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ లోపలికొస్తున్నారు. వాళ్ళలో ఆ పెద్దమనిషి ఎవరో, ఏ కుర్చీలో కూర్చున్నాడో పైనుంచి కనిపించడం లేదు.

"దీపాలు ఆర్పనా?" అన్నాడు ఆపరేటర్.

చెవులక్క తలూపి, కంత దగ్గరికి జరిగి చెవి ఒగ్గింది. ఆ అమ్మాయి చెయ్యి అప్పటికే దర్శకుడి వీపు మీద ఉంది. ఆపరేటర్ మీట కిందికి లాగాడు.